ప్రతి సాంకేతిక విశ్వవిద్యాలయానికీ ఒక వైర్‌లెస్ పరీక్షా కేంద్రం కావాలి: ఉపకులపతులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంకేతిక విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు,



ఒక విన్నపంతో మీకు ఈ లేఖ రాస్తున్నాను. మీలో ప్రతి ఒక్కరూ మీ విశ్వవిద్యాలయంలో నిజమైన వైఫై పరికరాలతో ఒక పరీక్షా కేంద్రం పెట్టించండి. అక్కడి పరీక్షలు వాటంతట అవే నడవాలి. అనుబంధ కళాశాల రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా అక్కడి విద్యార్థి తన ల్యాబ్‌లో కూర్చుని పరీక్ష మొదలుపెట్టగలగాలి, ఫలితం చూసుకోగలగాలి, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెతుక్కోగలగాలి. దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది. పరికరాలు ఒక గదిలో రెండు ర్యాకుల్లో సరిపోతాయి.

వైర్‌లెస్ పరికరాలను పరీక్షించడం నా వృత్తి. మా రంగంలోకి కొత్తగా వచ్చేవారిలో చాలామంది మన జిల్లాల కళాశాలల్లో చదువుకున్నవారే. మాడ్యులేషన్ సమీకరణాలు తడుముకోకుండా రాస్తారు, సిమ్యులేషన్‌లో గ్రాఫులు చక్కగా గీస్తారు. కానీ ఫోను వైఫైకి కలిసేటప్పుడు గాలిలో ఏ ఫ్రేము తర్వాత ఏ ఫ్రేము వెళ్తుందో కళ్లతో చూసినవారు అరుదు. కనెక్షన్ తెగితే లోపం ఫోనుదా, రౌటర్‌దా, చుట్టుపక్కల సిగ్నళ్లదా అని తేల్చే పద్ధతి వారికి పరిచయం కాలేదు. వారి తెలివితేటల్లో ఏ లోటూ లేదు. నాలుగేళ్ల చదువులో పరికరం వారి చేతికి అందలేదు, అంతే.

ఈ చదువు ఎందుకు అవసరమో చెప్పడానికి 2017 అక్టోబరు నాటి సంగతి ఒకటి చాలు. బెల్జియంలోని ల్యువెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాథీ వాన్‌హూఫ్, ఫ్రాంక్ పీసెన్స్ అప్పుడు 'క్రాక్' అనే దాడిని బయటపెట్టారు. వైఫైలో ఫోనూ రౌటరూ నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుని రహస్య తాళాన్ని నిర్ణయించుకుంటాయి. ఆ పద్ధతి భద్రమైనదని గణితపరంగా నిరూపణ అయి ఉంది. అయినా మూడో సందేశాన్ని మళ్లీ పంపితే పరికరాలు అదే తాళాన్ని రెండోసారి బిగించుకుని, ప్యాకెట్ల లెక్కను మొదటికి తెచ్చుకుంటున్నాయని తేలింది. లెక్క మొదటికి వస్తే అవి పాత సంఖ్యలే మళ్లీ వాడతాయి, దాంతో రహస్యం బయటపడే దారి తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లు వాడే 'డబ్ల్యూపీఏ సప్లికెంట్' ప్రోగ్రాములో కొన్ని వెర్షన్లు మరీ ఘోరంగా అన్నీ సున్నాలున్న తాళాన్ని బిగించుకున్నాయి. నిరూపణలో లెక్కకు రాని విషయం, తాళం ఎప్పుడు బిగించాలన్నది, అసలు పరికరాల్లో దొరికింది.

మళ్లీ 2021 మేలో వాన్‌హూఫ్ 'ఫ్రాగ్ అటాక్స్' పేరుతో మరికొన్ని లోపాలు ప్రకటించారు. వాటిలో కొన్ని 1997లో వైఫై ప్రమాణం పుట్టిన నాటి నుంచీ ఉన్నవే. ఆయన 75కు పైగా పరికరాలను పరీక్షిస్తే ప్రతిదానిలోనూ కనీసం ఒక లోపం కనిపించింది. రెండుసార్లూ ఆయన తన పరీక్షా స్క్రిప్టులను ఎవరైనా వాడుకునేలా ప్రకటించారు. ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడి బల్ల మీద మొదలైన పరీక్ష ప్రపంచంలోని ఎన్నో ఫోన్లకు మరమ్మతు తెచ్చింది. అలాంటి బల్ల మన విద్యార్థులకు కూడా ఉండాలన్నదే నా కోరిక.

ఇక ఎలా చెయ్యాలో చెబుతాను. వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఇలాంటి కేంద్రాల మంచిచెడ్డలు చిన్న అమరికల్లోనే తేలతాయి.

మొదటి మెట్టుకు హార్డ్‌వేర్ అక్కర్లేదు. లినక్స్ కెర్నెల్‌లో 'మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్' అనే మాడ్యూల్ ఉంది. లేని రేడియోలను ఉన్నట్టుగా సృష్టించడం దాని పని. దాన్ని రాసింది యౌని మాలినెన్. వైఫై రౌటర్ పని చేసే 'హోస్ట్ ఏపీడీ', ఫోను వైపు పని చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్, ఈ రెండు ప్రోగ్రాముల కర్త కూడా ఆయనే. ఈ రెండిటితో పాటు వేల సంఖ్యలో సిద్ధ పరీక్షలు కూడా అదే సోర్సు కోడ్‌లో దొరుకుతాయి. తప్పుడు పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుంది, ఒక రౌటర్ నుంచి మరో రౌటర్‌కు మారితే ఏమవుతుంది, మధ్యలో తాళం మారితే ఏమవుతుంది, ఇలా ఒక్కో సందర్భానికి ఒక్కో పరీక్ష. కళాశాల ల్యాబ్‌లోని మామూలు కంప్యూటర్‌లో, వర్చువల్ మెషీన్‌లో ఇవి నడుస్తాయి. వచ్చే సెమిస్టర్‌లోనే మీరు దీన్ని మొదలుపెట్టవచ్చు.

అయితే ఆ రేడియోల మధ్య గాలి లేదు. గోడ లేదు, పక్క హాస్టల్లో హాట్‌స్పాట్లు లేవు, వేడెక్కి ఆగిపోయే చిప్పు లేదు, ఫర్మ్‌వేర్ లోపం లేదు. ప్రోటోకాల్ తర్కంలోని తప్పులు అక్కడ దొరుకుతాయి. డ్రైవర్, చిప్పు, యాంటెన్నా, దూరం కలిసి చేసే తప్పులు దొరకవు. వాటికోసం రెండో మెట్టు ఎక్కాలి. నిజమైన పరికరాలను వేరువేరు కంప్యూటర్లకు బిగించి, వాటన్నిటినీ ఒకచోటి నుంచి నడిపించాలి.

దీనికీ దారి సిద్ధంగా ఉంది. హోస్ట్ ఏపీడీ సోర్సు కోడ్‌లోనే 'రిమోట్' పరీక్షల విభాగం ఉంది. దాని అమరిక ఫైలులో పరికరాల పట్టిక రాసుకోవాలి. ఒక్కో పరికరానికి ఒక పేరు, అది ఉన్న కంప్యూటర్ ఐపీ చిరునామా, వైఫై ఇంటర్‌ఫేస్ పేరు, దాన్ని అదుపు చేసే పోర్టు సంఖ్య, ఆ పరికరం చేయగల పనుల వివరం ఉంటాయి. దాని కింద అన్నిటికీ వర్తించే అంశాలు వస్తాయి: ప్రోగ్రాములు ఏ దారిలో ఉన్నాయి, లాగ్ ఫైళ్లు ఎక్కడ పెట్టాలి, దేశం కోడ్ ఏది, పరీక్షకు ముందు హార్డ్‌వేర్‌ను సిద్ధం చేసే స్క్రిప్టు ఏది. ఆ తర్వాత పరీక్ష నడిపేటప్పుడు మూడు పాత్రలు చెబితే చాలు: పరీక్షకు నిలబడే పరికరం, దానికి జోడీగా ఉండే నమ్మకమైన పరికరం, పక్కన నిలబడి గాలిలోని ఫ్రేములన్నిటినీ వినిపట్టే పరికరం. మూడోది పెట్టకుండా కేంద్రం మొదలుపెట్టకండి. మిగతా రెండూ చెప్పేది వాటి వాటి కథనం. గాలిలో నిజంగా ఏం జరిగిందో రాసిపెట్టేది మూడోదే.

నడిపించే కంప్యూటర్ మిగతావాటిలోకి పాస్‌వర్డ్ అడగకుండా ఎస్‌ఎస్‌హెచ్ తాళాలతో ప్రవేశిస్తుంది. అక్కడ హోస్ట్ ఏపీడీని, సప్లికెంట్‌ను లేపి, వాటికి యూడీపీ మీద ఆదేశాలు పంపుతుంది. ఇందుకోసం ఆ రెండు ప్రోగ్రాములను 'యూడీపీ రిమోట్' అనే ఐచ్ఛికంతో కంపైల్ చేసుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఐచ్ఛికం పరీక్షల కోసమే ఉద్దేశించినది. దీన్ని పెట్టుకున్న యంత్రాన్ని అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా అదుపులోకి తీసుకోగలరు. కాబట్టి ఈ కంప్యూటర్లను క్యాంపస్ నెట్‌వర్క్‌లో కలపకూడదు. విడి స్విచ్, విడి వీలాన్, లోపలికి ఒకే ఒక్క గేటు ఉండాలి. విద్యార్థులు ఆ గేటు ద్వారానే రావాలి.

దూరం నుంచి నడిపే ఏర్పాటులో మొట్టమొదటి సూత్రం ఒకటుంది. పరీక్షించే దారీ, అదుపు చేసే దారీ ఒకటి కాకూడదు. పరీక్ష వైఫై మీద, ఆదేశాలు ఈథర్‌నెట్ కేబుల్ మీద. వైఫై పరీక్ష అంటేనే కనెక్షన్‌ను పదేపదే తెంచడం. ఆదేశాలు కూడా వైఫై మీదే వెళ్తుంటే మొదటి పరీక్షలోనే ఆ కంప్యూటర్ చేజారిపోతుంది, దాన్ని మళ్లీ అందుకోవడానికి ఎవరో ఒకరు ఆ గదికి వెళ్లాలి. డిఫాల్ట్ రూట్ కూడా కేబుల్ వైపే ఉండాలి. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ అనే సర్వీసు ఖాళీగా కనిపించిన ప్రతి వైఫై కార్డునూ తానే పట్టుకుని వాడాలని చూస్తుంది. పరీక్షలకు కేటాయించిన కార్డుల జోలికి రావద్దని దాని అమరికలో స్పష్టంగా రాయాలి. లేకపోతే పరీక్షా ప్రోగ్రాము ఒకవైపు, ఆ సర్వీసు మరోవైపు ఒకే కార్డును లాగుతాయి. ఫలితం ఒకరోజు ఒకలా, మరోరోజు ఇంకోలా వస్తుంది.

యూఎస్‌బీ డాంగిళ్ల పేర్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కంప్యూటర్ తిరిగి మొదలైనప్పుడు మొన్నటి 'డబ్ల్యూలాన్ సున్నా' నేడు 'డబ్ల్యూలాన్ ఒకటి' కావచ్చు. అప్పుడు ఒక పరికరం మీద చేసిన పరీక్ష మరో పరికరం ఖాతాలో పడుతుంది. మ్యాక్ చిరునామాను బట్టి కానీ, బిగించిన యూఎస్‌బీ పోర్టును బట్టి కానీ స్థిరమైన పేరు వచ్చేలా యూడెవ్ నియమాలు రాయించండి. ఆ పేరునే డాంగిల్ మీద స్టిక్కర్‌గా అంటించండి.

ఒకే కంప్యూటర్‌కు రెండు వైఫై కార్డులు తగిలించి, ఒకటి రౌటర్‌గా, ఒకటి ఫోనుగా పెట్టి, వాటి మధ్య పింగ్ చేసి పరీక్ష గెలిచిందనుకోవడం చాలాచోట్ల జరిగేదే. రెండు చిరునామాలూ తనవేనని గమనించిన కెర్నెల్ ఆ ప్యాకెట్లను లోపలే తిప్పేస్తుంది. ఒక్క ప్యాకెట్ కూడా గాలిలోకి వెళ్లదు. యాంటెన్నా విప్పేసినా ఆ పింగ్ ఆగదు. కార్డులను వేరువేరు కంప్యూటర్లలోనైనా పెట్టాలి, లేదా ఒకే కంప్యూటర్‌లో వేరువేరు నెట్‌వర్క్ నేమ్‌స్పేసుల్లోనైనా ఉంచాలి. ఆపైన మూడో పరికరం పట్టిన రికార్డులో ఆ ప్యాకెట్లు కనిపిస్తేనే పరీక్ష గెలిచినట్టు రాయాలి. పాఠంగా చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ఉండదని నా నమ్మకం.

పరికరాల ఎంపికలో ధరకన్నా డ్రైవర్ ముఖ్యం. చిన్న బోర్డుల్లో ఉండే వైఫై చిప్పులు చాలావరకు పనంతా తమ ఫర్మ్‌వేర్ లోపలే ముగించుకుంటాయి, అందులో ఏం జరిగిందో బయటికి కనిపించదు. రాస్‌బెరీ పై బోర్డు సొంత వైఫై అలాంటిదే. ఆ బోర్డును కంప్యూటర్‌గా వాడుకోండి, పరీక్షకు మాత్రం విడి కార్డు తగిలించండి. ఏథెరోస్ ఏథ్9కే, మీడియాటెక్ ఎంటీ76 డ్రైవర్లు వాడే కార్డులు నేర్చుకోవడానికి అనువైనవి. వాటి డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి, వాటి కోడ్‌ను విద్యార్థి వరసవరసగా చదవవచ్చు. ఏథ్9కే యూఎస్‌బీ డాంగిళ్లకైతే ఫర్మ్‌వేర్ సోర్సు కోడ్ కూడా అందుబాటులో ఉంది. ల్యాప్‌టాప్‌లలో కనిపించే ఇంటెల్ కార్డులు ఏ దేశంలో ఉన్నామో తామే ఊహించుకుని, 5 గిగాహెర్ట్జ్‌లో రౌటర్‌గా పనిచేయడానికి తరచూ నిరాకరిస్తాయి. వాటిని ఫోను పాత్రకు ఉంచుకోండి.

ఇక గది సంగతి. రెండు కార్డులు ఒకే బల్ల మీద పక్కపక్కన ఉంటే సిగ్నల్ మరీ ఎక్కువై అవతలి రిసీవర్ దెబ్బతిన్నట్టు ప్రవర్తిస్తుంది. దూరంగా పెడితే క్యాంపస్‌లోని సిగ్నళ్లన్నీ మధ్యలో దూరతాయి. అందుకే పరికరాలను సిగ్నల్ చొరబడని లోహపు పెట్టెల్లో పెట్టి, యాంటెన్నాలకు బదులు కోయాక్సియల్ కేబుళ్లతో కలిపి, మధ్యలో అటెన్యుయేటర్లు పెడతారు. 20 డెసిబెళ్ల అటెన్యుయేటర్ సిగ్నల్ శక్తిని నూరో వంతుకు, 30 డెసిబెళ్లది వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. కంప్యూటర్ ఆదేశంతో విలువ మార్చుకునే అటెన్యుయేటర్ ఒకటి ఉంటే, మనిషి ఫోను పట్టుకుని వరండాలో నడుస్తూ ఒక రౌటర్‌కు దూరమై మరోదానికి దగ్గరవడాన్ని ఆ పెట్టెలోనే మళ్లీ మళ్లీ సృష్టించవచ్చు. పుస్తకంలో డెసిబెల్ లెక్క చేసిన విద్యార్థి ఇక్కడ దాన్ని తిప్పి చూస్తాడు, వేగం పడిపోవడం చూస్తాడు.

ఎవరూ లేని గదిలో యంత్రం బిగుసుకుపోతే ఏం చెయ్యాలన్నది ముందే ఆలోచించుకోవాలి. ప్రతి కంప్యూటర్ కరెంటునూ దూరం నుంచి తీసి వేసే రిలే కావాలి. డాంగిల్‌ను విడిగా ఆపి మొదలుపెట్టగల, సొంత కరెంటు ఉన్న యూఎస్‌బీ హబ్బులు కావాలి. తెరపై ఏం వస్తోందో నెట్‌వర్క్ పడిపోయినా చదవగలిగేలా సీరియల్ కన్సోల్ కేబుల్ కావాలి. ఎవరైనా నెట్‌వర్క్ అమరిక మార్చేటప్పుడు, పది నిమిషాల్లో తాను ఆపకపోతే పాత అమరిక దానంతట అదే తిరిగి వచ్చేలా ముందుగా గడువు పెట్టుకునే అలవాటు నేర్పాలి. ఈ నాలుగూ ఉంటే సెలవురోజుల్లోనూ కేంద్రం నడుస్తుంది.

పరీక్షల ఫలితాలను ఎలా నమ్మాలన్నది అసలు చదువు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే తెలుస్తుంది. వైర్‌లెస్‌కు ఆ సూత్రం వర్తించదు. ఇరవైసార్లకు ఒకసారి కనెక్షన్ విఫలమయ్యే పరికరాన్ని 20సార్లు పరీక్షించినా, ఆ లోపం ఒక్కసారి కూడా బయటపడకుండా పోయే అవకాశం దాదాపు 36 శాతం. 60సార్లు పరీక్షిస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది. ఒక మనిషి కూర్చుని 60సార్లు వైఫై ఆపి, మళ్లీ పెట్టి, రాసుకుంటూ ఉండలేడు. యంత్రం రాత్రంతా ఆ పని చేస్తుంది. పరీక్షలను యంత్రానికి అప్పగించాలనడానికి అసలు కారణం ఇదే.

అలాగే కొన్ని లోపాలు కాలంతోనే బయటపడతాయి. హోస్ట్ ఏపీడీలో అన్ని పరికరాలకూ ఉమ్మడిగా వాడే తాళం మామూలుగా 86,400 సెకన్లకు, అంటే రోజుకొకసారి మారుతుంది. ఆ మార్పు సమయంలో తెగిపోయే పరికరం ఉంటే దాని యజమానికి రోజుకొకసారి కనెక్షన్ పోతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. పరీక్షలో ఆ విలువను కొన్ని సెకన్లకు కుదిస్తే నిమిషాల్లో లోపం దొరుకుతుంది.

విఫలమైన పరీక్షను మళ్లీ నడిపి, ఈసారి గెలిస్తే పచ్చరంగు వేసి ముందుకు పోయే అలవాటు మా రంగంలో ఒక జబ్బు. దాన్ని విద్యార్థులకు అంటనివ్వకండి. ఎన్నిసార్లు నడిపితే ఎన్నిసార్లు గెలిచిందో రెండు సంఖ్యలూ రాయించండి. ఆ సమయంలో ఛానెల్ ఎంత రద్దీగా ఉందో, కెర్నెల్ ఏ వెర్షనో, ఫర్మ్‌వేర్ ఏదో ప్రతి ఫలితం పక్కనా ఉండాలి. కంప్యూటర్లన్నిటి గడియారాలూ ఎన్‌టీపీతో కలిసి ఉండాలి. అవి అర సెకను తేడాగా ఉన్నా రౌటర్ లాగ్, ఫోను లాగ్, గాలి రికార్డు ఒకదానితో ఒకటి పొసగవు, ఏది ముందు జరిగిందో తేలదు. ఒక పరీక్ష ముగియగానే ప్రోగ్రాములను ఆపి, డ్రైవర్‌ను తీసి మళ్లీ ఎక్కించి, పరికరాన్ని తొలి స్థితికి తేవాలి. ముందు పరీక్ష మిగిల్చిన చెత్త తర్వాతి పరీక్షను పాడుచేయకూడదు.

చట్టం సంగతి కూడా ఇదే చదువులో భాగం. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకునేందుకు తెరిచింది. 6 గిగాహెర్ట్జ్‌లో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు అలాగే తెరవడానికి 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. ఏ ఛానెల్‌లో ఎంత శక్తితో పంపవచ్చో దేశాన్ని బట్టి మారుతుంది. కాబట్టి నమూనా అమరికలో వేరే దేశం కోడ్ కనిపిస్తే దాన్ని భారతదేశపు కోడ్‌గా మార్చడం కేంద్రంలో చేయవలసిన తొలి పనుల్లో ఒకటి. ఏ దేశమూ చెప్పకపోతే లినక్స్ అన్ని దేశాలకూ పనికొచ్చే కనీస నిబంధనలు పాటిస్తుంది, 5 గిగాహెర్ట్జ్‌లో రౌటర్ మొదలే కాదు. రాడార్లు కూడా వాడే ఛానెళ్లలో రౌటర్ ముందుగా కనీసం 60 సెకన్లు మౌనంగా విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే పంపడం మొదలుపెడుతుంది. పరీక్షకు 30 సెకన్ల గడువు పెట్టినవారు మంచి రౌటర్‌ను కూడా చెడిపోయిందని తీర్పు చెబుతారు. దాడి స్క్రిప్టులతో చేసే ప్రయోగాలు మాత్రం లోహపు పెట్టెల లోపల, కేంద్రం సొంత పరికరాల మీదే జరగాలి. ఆ నియమాన్ని గది తలుపు మీద రాసిపెట్టించండి.

ఇదంతా అందరికీ పంచడం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయం 'ఆర్బిట్' పేరుతో 400 రేడియో నోడ్లను 20 వరసలు, 20 నిలువులుగా ఒకే హాల్లో అమర్చి, 2005 నుంచి బయటి పరిశోధకులకు దూరం నుంచి వాడుకోనిస్తోంది. మన దేశంలో కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ పథకంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామి. దూరం నుంచి నిజమైన పరికరాన్ని నడిపించే ప్రయోగాలు ఆ పథకం ఆలోచనలోనే ఉన్నాయి. ఉన్నత విద్యాసంస్థలను కలిపే జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ ఉంది. ఎవరు ఏ పరికరాన్ని ఎంతసేపు వాడుకోవాలో పంచడానికి 'ల్యాబ్‌గ్రిడ్', 'లావా' వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఒకరు పరికరాన్ని తీసుకుంటే వదిలేదాకా మరొకరికి అది అందదు. పగలు తరగతులకు, రాత్రి పొడవాటి పరీక్షలకు సమయం పంచుకోవచ్చు.

దీనివల్ల ఎవరికి మేలు? మొదట చిన్న ఊళ్లలోని కళాశాలలకు. అక్కడ ఖరీదైన ల్యాబ్ పెట్టడం సాధ్యం కాదు, పెట్టినా చూసుకునేవారు దొరకరు. అనంతపురం, శ్రీకాకుళం, ఆదిలాబాద్ జిల్లాల విద్యార్థికి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటి చాలు, విశ్వవిద్యాలయ కేంద్రంలోని పరికరం అతని చేతిలో ఉన్నట్టే. రెండోది, మన ఊళ్లకు. ఆసుపత్రుల్లో, పాఠశాలల్లో, బస్టాండుల్లో, పంచాయతీ కార్యాలయాల్లో పెట్టే వైఫై పరికరాలను ఎంపిక చేసే ముందు మన నేల మీదే, మన నిబంధనల కింద, మన విద్యార్థులే పరీక్షించి నివేదిక ఇవ్వగలుగుతారు. మూడోది, ప్రపంచానికి. హోస్ట్ ఏపీడీ, లినక్స్ డ్రైవర్లు ఎవరైనా సరిదిద్దగల కోడ్. మన కేంద్రంలో దొరికిన లోపానికి మన విద్యార్థి రాసిన సవరణ కోట్ల పరికరాలకు చేరుతుంది. ఉద్యోగ దరఖాస్తులో అంతకన్నా బలమైన వాక్యం మరొకటి ఉండదు.

మీరు చేయవలసిన పనులను స్పష్టంగా విన్నవిస్తాను.

ఒకటి, వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఈసీఈ, సీఎస్‌ఈ విద్యార్థులకు హెచ్‌డబ్ల్యూసిమ్ మీద పరీక్షలు రాసే ల్యాబ్ కోర్సు ప్రవేశపెట్టండి. దీనికి కొనవలసిందేమీ లేదు.

రెండు, విశ్వవిద్యాలయంలో ఒక గది కేటాయించి, పది చిన్న కంప్యూటర్లు, ఇరవై వైఫై కార్డులు, నాలుగు లోహపు పెట్టెలు, అటెన్యుయేటర్లు, కరెంటు రిలేలతో కేంద్రాన్ని మొదలుపెట్టండి. పెద్దగా మొదలుపెట్టనక్కర్లేదు, నడుస్తూ ఉండటం ముఖ్యం.

మూడు, దానికి ఒక శాశ్వత ల్యాబ్ ఇంజినీరు పోస్టు ఇవ్వండి. ప్రారంభోత్సవం ఘనంగా చేసి, చూసుకునే మనిషిని పెట్టకపోతే కేబుళ్లు వదులై, డాంగిళ్లు పాడై కేంద్రం మూతపడుతుంది. పరికరాలకన్నా ముందు ఈ పోస్టు మంజూరు చేయండి.

నాలుగు, అనుబంధ కళాశాలలన్నిటికీ సమానంగా సమయం కేటాయించండి. ఏ కళాశాలకూ రుసుము పెట్టకండి.

ఐదు, పరీక్షలు, అమరిక ఫైళ్లు, ఫలితాలు అన్నీ బహిరంగంగా ఉంచండి. ఒక విశ్వవిద్యాలయం నేర్చుకున్నది మిగతావాటికి మర్నాటికే అందాలి. ఎలా అమర్చాలో చెప్పే వివరాలను తెలుగులో కూడా రాయించండి.

ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజినీర్లు హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, విదేశాల్లోనూ ఉన్నారు. మీరు పిలిస్తే వారాంతాల్లో వచ్చి అమరికలు చేసిపెట్టడానికి, పాఠాలు చెప్పడానికి సిద్ధపడేవారు వారిలో ఉన్నారని నాకు తెలుసు. వారిలో నేనూ ఒకణ్ని. మీ తర్వాతి పాలకమండలి సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టండి, గది పేరు, బాధ్యుడైన ఆచార్యుడి పేరు, మొదలుపెట్టే తేదీ అదే రోజు ప్రకటించండి.

భవదీయుడు,
ఒక వైర్‌లెస్ పరీక్షల ఇంజినీరు,
హైదరాబాద్